రుచి చూడని వంటిల్లు

ముందు పోయినవన్నీ లెక్క చెబుతాను.

కాగుతున్న నెయ్యి, ఇంగువ, వేగుతున్న మెంతులు, జీలకర్ర, ధనియాలు, కరివేపాకు, కొత్తిమీర, నానిన చింతపండు. ఇవి ఎనిమిది. పప్పు పచ్చివాసన పోవడం, పాలు విరగబోయే ముందు వచ్చే పులుపు, పాతబడిన వేరుశనగ గింజల కనరు, అడుగంటబోతున్న గిన్నె, కట్టేయడం మరిచిన గ్యాసు. ఇవి అయిదు. చివరిది కర్పూరం. అది వంటకు పనికొచ్చేది కాదు గానీ, మా వంట ముగిసేది కర్పూరం దగ్గరే కాబట్టి కలిపాను. మొత్తం పద్నాలుగు వాసనలు. కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది నాకు అయిదు రోజులు జ్వరం వచ్చింది. తగ్గాక లేచి స్టవ్ ముందు నిలబడితే పద్నాలుగూ లేవు. ఎండుమిర్చి ఘాటు ఒక్కటే మిగిలింది. అది కూడా ముక్కుకి కాదు, దగ్గుకి తెలిసేది.

వాటి వెనకే మనుషులు పోయారు. రోజూ మధ్యాహ్నం అశోక్ నగర్ హాస్టళ్లకు వెళ్లే అరవై రెండు క్యారియర్లలో నెల తిరిగేసరికి ఇరవై నాలుగు తగ్గాయి.

చిక్కడపల్లిలో ఒక మేడ కింది వాటాలో నేను ముప్పై ఒక్క ఏళ్లు శాకాహారం వండి క్యారియర్లలో పంపాను. మోకాళ్లు ఇక వద్దన్నాక, ఏడాదిన్నర కిందట మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు ఇంటికి వచ్చి "ఏం నేర్చుకోవాలి" అని అడుగుతున్నారు. లైసెన్సు, గ్యాసు కనెక్షను, డబ్బాలు ఎక్కడ చవక, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను మిగతాది రాస్తాను.

పిన్నిగారి గుప్పిలి

నాకు పని నేర్పింది కామాక్షమ్మగారు. బందరు వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డ కుటుంబం. నేను పిన్నిగారూ అనేదాన్ని. బంధుత్వం ఏమీ లేదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను కూరలు తరగడానికి పిలిచారు. తొమ్మిదేళ్ల తరవాత వంటిల్లే నా చేతిలో పెట్టారు.

ఆవిడ వంటింటి నియమం ఒకటే. దేవుడి ముందు పెట్టేదాకా ఏదీ ఎవరూ నోట పెట్టకూడదు. వండిన ప్రతి రకంలోంచీ కొంచెం కొంచెం వెండి పళ్లెంలో పెట్టి, మూలనున్న దేవుడి గూటి ముందు ఉంచి, కర్పూరం వెలిగించాకే క్యారియర్లు సర్దాలి. గరిటె నాకడం కాదు కదా, వేలి మీద చుక్క వేసుకున్నా ఆ గిన్నె ఎంగిలి కింద లెక్క. చాలా ఇళ్లలో పండగపూట పాటించేది ఆవిడ రోజూ, వ్యాపారంలో పాటించారు. రుచి చూడకుండా అరవై మందికి వండడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది.

"మరి ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుంది పిన్నిగారూ?"

"చెయ్యి చెబుతుందే."

ఆవిడ చెయ్యి ఆవిడకు చెప్పేది. నా చేతికి నోరు లేదు. చదువు అంతగా అబ్బలేదు గానీ నాకు మొదటినుంచీ తూకం పిచ్చి. ఉప్పు జాడీని ఆవిడ చూడకుండా వంటకు ముందొకసారి, వెనకొకసారి కాటాలో పెట్టేదాన్ని. పదిహేను రోజులు గడిచాక పట్టుబడ్డాను.

"జాడీ ఎందుకు తూస్తున్నావే? ఉప్పు ఎత్తుకుపోతున్నానా?"

"సాంబారుకి ఒక్కో గుప్పిలి నలభై గ్రాములు తీస్తున్నారండీ. ఏ రోజూ రెండు గ్రాములు అటూ ఇటూ కాలేదు."

ఆవిడ తన గుప్పిలిని మూసి, తెరిచి, ఎవరిదో అన్నట్టు చూసుకున్నారు. "కాటాలో కాలు పెట్టమంటే నన్నూ తూస్తావు కాబోలు" అని లోపలికి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి ఉప్పు వెయ్యడం నా పని.

ఆ లెక్కలే ఇప్పుడు మీకిస్తున్నాను. వండిన పప్పు గానీ కూర గానీ కిలోకి పది గ్రాముల ఉప్పు. చారుకి లీటరుకి ఎనిమిది. పులుసుకి పదకొండు, ఎందుకంటే పులుపు కొంత ఉప్పుని దాచేస్తుంది. ఇంటి కాటా చవకే, కొనుక్కోండి. నాలుగు రోజులు తూస్తే అయిదో రోజుకి మీ గుప్పిలి ఎంతో మీకు తెలుస్తుంది.

పచ్చి ముక్క రుచి చూడడానికి మాత్రం ఆవిడ ఒప్పుకునేవారు, అది ఇంకా వంట కాలేదు కాబట్టి. దోసకాయ అయితే తప్పనిసరి. ఒకసారి నారాయణగూడలో గృహప్రవేశానికి దోసకాయ పప్పు వండాం. తరిగే మనిషి ఒక కాయ రుచి చూడకుండా వదిలేసింది. ఆ ఒక్కటే చేదు. దేవుడికి పెట్టాక, వడ్డనకు ముందు పిన్నిగారు ఒక ముద్ద తిని ఆగిపోయారు. పంక్తి అప్పటికే కూర్చుంది. ఆవిడ నేరుగా ఇంటాయన దగ్గరికి వెళ్లి, "పప్పు చేదొచ్చింది. వడ్డించను. పావుగంటలో పెసరపప్పు చేసి పెడతాను, ఈలోగా కూరా, పులిహోరా తిననివ్వండి" అన్నారు. ఆయన తలూపి పులిహోర వడ్డించమన్నాడు. తప్పు మనం ముందు చెబితే అవతలివాళ్ల కోపం సగం పని మానేస్తుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాటిలో ఇది ఉప్పుకంటే ముఖ్యం.

ఆవిడ మెచ్చుకోలులో పిసినారి. నెయ్యిలో కాదు. తొమ్మిదేళ్లలో నా వంట రెండుసార్లు బాగుందన్నారు, అందులో ఒకసారి ఆవిడ జ్వరంలో ఉండి.

రోజూ వండే రెండు

టమాటా పప్పు. ఒక గ్లాసు కందిపప్పుని నూనె లేకుండా రంగు మారనంతవరకే వేయించి కడగాలి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి మెత్తగా ఉడకనివ్వాలి. నాలుగు టమాటాలు, అయిదు పచ్చిమిర్చి పక్క గిన్నెలో మగ్గించి అప్పుడు కలపాలి. చింతపండు చివర్లో. పప్పు ఉడక్కముందే పులుపు వేస్తే మధ్యాహ్నం దాకా ఉడికించినా గింజ గింజగానే ఉంటుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే, కుక్కర్ని తిట్టుకుంటారు.

చారు. లీటరు నీళ్లకి నిమ్మకాయంత చింతపండు, ఒక టమాటా, చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర దంచినవి. పొంగు వచ్చేముందు దించాలి. మరిగి మరిగి ఉన్న చారు మందులా ఉంటుంది. పోపు నేతిలో, ఇంగువతో. ఇంటికి దూరంగా ఉండి చదువుకునే పిల్లలకి చారు బాగుంటే మిగతావి క్షమించేస్తారు.

దేవుడి ముందు పళ్లెం పెట్టినప్పుడు నేను పెద్దగా ఏమీ కోరుకునేదాన్ని కాదు. నాకు స్తోత్రాలు సరిగ్గా రావు. "ఇది నాకు ఎలా ఉందో తెలియదు, నువ్వే ముందు" అనుకునేదాన్ని. అంతే నా ప్రార్థన. మనం చేసిన పని ఎలా వచ్చిందో మనకే తెలియకుండా ఇంకొకరికి అప్పజెప్పడంలో ఒక భయం ఉంది, ఒక నెమ్మది ఉంది. ముప్పై ఏళ్లు నన్ను నిలబెట్టింది ఆ నెమ్మదే.

నిండుగా తిరిగొచ్చిన క్యారియర్లు

జ్వరం తరవాత నేను ధైర్యంగానే ఉన్నాను. ఉప్పు కాటాలో ఉంది, నీళ్లు కొలతలో ఉన్నాయి, నాలుక ఎలాగూ మా వంటింట్లో పనిచెయ్యదు. ముక్కు ఎంత పని చేసేదో నేనెప్పుడూ లెక్కవెయ్యలేదు. అదే నా తప్పు.

క్యారియర్లు మోసుకెళ్లే యాదగిరి మొదట చెప్పాడు. పన్నెండేళ్లుగా మోపెడ్ మీద క్యారియర్లు చేరవేస్తున్న మనిషి, ఎవరి గురించీ ఒక మాట జారడు.

"అమ్మా, ఇయ్యాల గూడ తొమ్మిది డబ్బలు నిండుగనే వచ్చినయ్."

"పిల్లలు పరీక్షలని తినడం లేదేమో."

"పరీచ్చలకు శానా టైమున్నదమ్మా." అతను మోపెడ్ సీటు తుడుస్తూ ఉండిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం ఒక అమ్మాయి తన క్యారియర్ తానే పట్టుకుని వచ్చింది. పేరు స్వరూప. జనగామ దగ్గరి పల్లెటూరు. గ్రూప్స్ పరీక్షలు రాయడం అది మూడోసారి. రెండేళ్లుగా నా భోజనం తింటోంది గానీ ముఖం చూడడం అదే మొదలు. గడపలో నిలబడే పప్పు గిన్నె మూత తీసింది.

"ఆంటీ, ఏమనుకోకుండ్రి. గిది జర మీరు తిని చూడుండ్రి."

తిన్నాను. వేడి తెలిసింది, ఉప్పు సరిపోయిందని తెలిసింది, పులుపు తెలిసింది.

"బాగానే ఉందే."

"బాగుందా! ఆంటీ, మాడిపోయింది. నిన్న గూడ మాడింది. మొన్న కూరల పల్లీలు ముక్కిపోయినయ్. మా రూంల అమ్మాయిలు ఆంటీకి ఏమో పరేషాన్ ఉన్నట్టుంది, ఏమనొద్దు అన్నరు. గట్లని ఎన్ని దినాలు పడేస్తం?"

కూర్చుని చెప్పాను. మొదటిసారి పైకి చెప్పింది ఆ అమ్మాయికే. "నాకు వాసన రావడం లేదమ్మా."

"అస్సలుకా?"

"అసలు."

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. "మా రూంమేట్ సాక్సులు వారం వారం ఉతుకుతది. మీరొచ్చి మా రూంల ఉండుండ్రి ఆంటీ, మీకేం తెల్వదు" అంది. నేను నవ్వాను. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది. అరవై మంది పిల్లలు మాడిన పప్పు పారబోసి, నేను నొచ్చుకుంటానని నోరు మూసుకున్నారన్న మాట మింగుడుపడలేదు.

ఆ రాత్రి ఆలోచించాను. నా ముందున్నవి రెండే దారులు. వంటిల్లు మూసెయ్యడం. లేదా నా గిన్నెల మీద ఇంకొకరిని నమ్మడం.

అరువు ముక్కు

స్వరూప రోజూ పొద్దున లైబ్రరీకి వెళ్లేముందు ఒక గంట నా దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆమె భోజనానికి ఇక డబ్బు తీసుకోనన్నాను. వాసన చూడడానికే ఒప్పందం. పిన్నిగారు కూడా ముక్కుని ఎప్పుడూ తప్పుపట్టలేదు. పొయ్యి మీది గిన్నె నుంచి దానంతటదే వచ్చే వాసనకు ఎవరేం చేస్తారు!

కానీ వాసన చూడడం ఒక విద్య. అది ఆమెకు రాదు, గంటలో నేను నేర్పలేను.

"మెంతులు ఎలా ఉన్నాయి?"

"మంచిగున్నయ్."

"పప్పు?"

"మంచిగుంది."

"పోపు?"

"ఆంటీ, నేను ఏం తినకుండ వచ్చిన. ఈ టైంల నాకు అన్నీ మంచిగనే వాసనొస్తయ్."

ఆ రోజు మెంతులు నల్లబడి పులుసంతా చేదెక్కింది. యాదగిరి క్యారియర్లు దించి, "పోనీ నేను నాకి చూస్త తియ్యమ్మా, నాకేం పైసలొద్దు" అన్నాడు.

"నీ నాలుక జర్దా కింద ఎప్పుడో పోయింది యాదగిరీ."

"అవ్ మల్ల. ఇంట్ల గూడ గదే అంటది."

నోట పెట్టి చూడనిదే జరగదని ముగ్గురికీ అర్థమైంది. స్వరూపకు నియమం సంగతి చెప్పాను. ఆమె వాదించలేదు. వాళ్ల ఊళ్లో బోనం కుండలోది కూడా అమ్మవారికి ముందు ఎవరూ ముట్టరట. "గట్లయితే మీరే జెప్పాలె ఆంటీ. నేను తినుమంటే తింట, వద్దంటే వద్దు" అంది. నాకే తెలియదు. ఈ నియమం నాది కాదు, ఇచ్చినవాళ్లు వేరే. అందుకని అడగడానికి వెళ్లాను.

దోమలగూడలో

అప్పటికి కామాక్షమ్మగారు దోమలగూడలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఎనభై దాటాయి. చూపు మందగించింది, నోరు కాదు. విషయం అంతా విని, "ముక్కు పోగొట్టుకున్నావా! ఇంత జాగ్రత్త మనిషివి" అన్నారు, నేనేదో గొడుగు ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టు.

"పిన్నిగారూ, ప్రతిదీ ముందు ఒక చెంచా తీసి దేవుడికి పెట్టేసి, తరవాత ఆ అమ్మాయి చేత రుచి చూపించి, మిగిలింది సరిచేస్తే?"

"అంటే దేవుడికి చప్పటిది, జనానికి సరిచేసిందీనా? ఏం మర్యాదే అది? పెట్టేది ఏదో అదే ఇద్దరికీ పెట్టాలి."

"మరి రుచి చూసింది పెట్టమంటారా?"

"అననే అనను. ఎంగిలి ఎంగిలే. నీకు కష్టం వచ్చిందని మారిపోతుందా?"

"అయితే మూసేస్తాను."

కూతురు కాఫీ తెచ్చింది. ఆవిడ ఊదుకుని తాగారు. నేను గ్లాసు ముట్టలేదు, ఎలాగూ అది నాకు వేడి చేదు నీళ్లే.

"పిల్లలు ఎంతమంది ఇప్పుడు?"

"ముప్పై ఎనిమిది."

"మూసేస్తే ఏం తింటారు?"

"బయట తింటారండీ. నూడిల్స్, మిర్చి బజ్జీలు."

"ఊఁ." గ్లాసు కింద పెట్టారు. "ఒక పని చెయ్యి. అప్పు చెయ్యి."

"ఎవరి దగ్గర?"

"ఆయన దగ్గరే. రుచి చూసి వండిన ప్రతి రోజూ, ఒక ఎంగిలి లేని పళ్లెం నీకు బాకీ ఉన్నాను అని చెప్పి పెట్టు. లెక్క నీకు బాగా వచ్చుగా. ముక్కు తిరిగొచ్చాకో, పని మానేశాకో తీర్చు. అమ్మకానికి వండిన దాంట్లోంచి కాదు, అది ఏ రోజుది ఆ రోజుకే. విడిగా, పూర్తి వంట వండి పెట్టాలి. అరటిపండు పెట్టి చెల్లు అంటే ఒప్పుకోను."

"తీర్చలేకపోతే?"

"నియమం వదిలేస్తే ఎగ్గొట్టినట్టు. అప్పు ఉందంటే ఇంకా ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నట్టు."

"వడ్డీ ఏమైనా..."

"ఆయన తీసుకోడు. నేనైతే తీసుకునేదాన్ని."

ఆవిడ చెప్పింది శాస్త్రమో కాదో నేను ఎవరినీ అడగలేదు. ఆవిడ నాకు సడలింపు ఇవ్వలేదు. నియమాన్ని తగ్గించకుండా నన్ను బతకనిచ్చారు. మంచి పై అధికారి అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తు.

అరచేయి

మర్నాడు దేవుడి గూటి ముందు నిలబడి అప్పు సంగతి చెప్పుకున్నాను. తరవాత స్వరూప అరచేయి చాపింది. గరిటె అంచు నుంచి మూడు చుక్కల సాంబారు వేశాను. ఆమె నాలుకతో అందుకుంది. ఆ వంటింట్లో కర్పూరానికి ముందు ఎవరైనా నోరు కదపడం నేను చూడడం అదే మొదలు.

"మంచిగుంది ఆంటీ."

"ఆ మాట నాకు పనికిరాదు. ఏది తక్కువ, ఏది ఎక్కువ, అది చెప్పు."

ఇది రుచి చూసేవాళ్లందరికీ చెబుతాను. బాగుంది అన్నది మర్యాద. మర్యాదతో వంట సరిచెయ్యలేం. ఆమె త్వరగానే పట్టుకుంది. వారం తిరిగేసరికి ఇలా ఉండేది: "పులుపు ముందుగాల వస్తుంది, కారం ఎనుకకొస్తుంది. ఇంగువ వేసిన్రా? నాకు తెలుస్తలేదు. కొంచెం పాత పచ్చడి లెక్క వాసన, నూనె మార్చుండ్రి."

నాకు తెలియని సంగతులు కూడా చెప్పింది. నా వంటలో బెల్లం ఎక్కువట. "సాంబార్ల బెల్లం, పులుసుల బెల్లం. మీరు మాకు అన్నం పెడుతున్నరా, పాయసం పెడుతున్నరా?" ముప్పై ఏళ్లలో ఈ మాట ఎవరూ అనలేదు, నాకు చక్కెర జబ్బు వచ్చినా అనలేదు. బెల్లం సగానికి తగ్గించాను. ఎండాకాలం పచ్చిపులుసు చెయ్యమంది. చింతపండు నీళ్లు, కాల్చిన ఎండుమిర్చి, ఉల్లిపాయ, కొత్తిమీర, జీలకర్ర, పొయ్యితో పనే లేదు. దాంతో క్యారియర్లు కడిగినట్టు తిరిగొచ్చాయి. పోయిన ఇరవై నాలుగులో పంతొమ్మిది వెనక్కి వచ్చాయి.

ఆమెకు తీపి ఇష్టం లేదన్న మాట అబద్ధం. సగ్గుబియ్యం పాయసం వండిన రోజు మూడు చుక్కలు చాలేవి కావు, ఆరు అడిగేది. అది ఎంత తేలికో రాస్తాను. ఒక గ్లాసు సగ్గుబియ్యం కడిగి గంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లలో పూసలు అద్దంలా అయ్యేదాకా ఉడికించాలి. మూడు గ్లాసుల వేడి పాలు, ముప్పావు గ్లాసు పంచదార, నేతిలో వేయించిన జీడిపప్పు, యాలకులు. బెల్లం వేసేటట్టయితే దించి, కాస్త చల్లారాకే కలపాలి, లేకపోతే పాలు విరుగుతాయి. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి ఇంకో గ్లాసు పాలు పక్కన ఉంచుకోండి.

ఆమె రాని రోజు

స్వరూప పరీక్ష రోజున ఆమె రాకూడదని నేనే అన్నాను. హాస్టళ్లలో సగం మందికి అదే పరీక్ష. రుచి చూసేవాళ్లు లేని రోజు, అందరికీ కడుపు చల్లగా ఉండాల్సిన రోజు. పెరుగన్నం చేశాను. దాంట్లో మాడేది ఏమీ లేదు.

గ్లాసు బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదపాలి. గోరువెచ్చగా అయ్యాక రెండు గ్లాసుల కాచిన పాలు, అర గ్లాసు పెరుగు. పాలు ఎక్కువ, పెరుగు తక్కువ ఉంటే మధ్యాహ్నానికి పుల్లబడదు. అల్లం, పచ్చిమిర్చి, ఆవాల పోపు.

పాలు విరిగాయో లేదో వాసనతో తెలియదు కాబట్టి ముందు ఒక గరిటెడు కాచి చూశాను. తరవాత పళ్లెం పెట్టి, చాలా నెలల తరవాత మళ్లీ అదే పాత మాట అనుకున్నాను. ఇది నాకు ఎలా ఉందో తెలియదు, నువ్వే ముందు. అప్పుడు నాకు తట్టింది. వాసన తెలిసిన రోజుల్లో నేను ఆ మాట అలవాటుగా అన్నాను. నిజంగా తెలియదని తెలిసి అనడం ఇదే మొదలు. నమ్మకం అనేది నా దగ్గర ఉందని ముప్పై ఏళ్లు అనుకున్నాను. అప్పటిదాకా ఉన్నది నా ముక్కు మీద నమ్మకం.

సాయంత్రం స్వరూప నేరుగా పరీక్ష నుంచి వచ్చింది.

"ఎలా రాశావు?"

"పెరుగన్నం మంచిగుండె."

"పరీక్ష అడిగాను."

"నేను అందుకే పెరుగన్నం చెప్పిన."

ఆ పరీక్ష పోయింది. తరవాత రాసిన ఇంకో పరీక్షలో ఆమెకు బాలికల వసతిగృహంలో వార్డెన్ ఉద్యోగం వచ్చింది, వరంగల్ వైపు. అక్కడి నియమం ఏమిటో చెప్పినప్పుడు ఇద్దరం నవ్వాం. పిల్లలకు వడ్డించేముందు వార్డెన్ తిని చూడాలి. ముందు తినడం ఒక వంటింట్లో దోషం, ఇంకో వంటింట్లో బాధ్యత. రెండూ తినేవాళ్ల మీది గౌరవంతో పుట్టినవే అని నాకు అనిపిస్తుంది. ఈ పనిలో మీ నియమం ఏదైనా ఫర్వాలేదు, అది ఎవరికోసమో మరిచిపోకండి.

ఆమె వెళ్లేనాటికి నా వాసనల్లో చాలావరకు తిరిగొచ్చాయి. ఒక పొద్దున పాలగిన్నె అడుగంటుతుంటే ఇద్దరం ఒకేసారి తల తిప్పాం. అంత కమ్మటి మాడు వాసన నేనెప్పుడూ చూడలేదు. గిన్నె దించకుండా అలాగే నిలబడితే, "ఆంటీ, సంతోషం తరువాత, పాలు!" అని ఆమే స్టవ్ కట్టేసింది. ఆ రోజు నుంచి వంటింట్లో అరచేతులు చాపడం ఆగిపోయింది. ఇంకో ఏడాది పాత పద్ధతిలోనే వండి, పని ముగించాను.

బాకీ

రుచి చూసి వండింది పదిహేడు నెలలు. నెలకు ఇరవయ్యారు వంట రోజులు. అందులో స్వరూప రాని అయిదు తీసెయ్యాలి. నాలుగు వందల ముప్పై ఏడు పళ్లేలు. ఎక్కడా రాసుకోలేదు, రోజూ పళ్లెం పెట్టేటప్పుడు పైకి చెప్పేదాన్ని.

పని మానేసిన మర్నాటి నుంచి తీర్చడం మొదలుపెట్టాను. పొద్దున వండింది ఆ రోజుది. సాయంత్రం విడిగా వండేది బాకీది. అన్నం, పప్పో పులుసో, ఒక కూర. ఒంట్లో బాగోని రోజు, ఒక్కపొద్దు రోజు, ఇంకెవరింట్లోనో తిన్న రోజు లెక్కలోకి రావు. ఒకసారి ఉప్పు రెండుసార్లు వేశానని దేవుడికి పెట్టి నేను తిన్నాక తెలిసింది. అయినా చెల్లు వేసుకున్నాను. ఎంగిలి లేనిది అన్నారు గానీ బాగున్నది అనలేదు కదా.

కామాక్షమ్మగారు నిరుడు కార్తీకంలో పోయారు. చివరిసారి చూడడానికి వెళ్లినప్పుడు కళ్లు మూసుకునే, "ఎంత మిగిలింది?" అన్నారు. చెప్పాను. "ఆలస్యంగా తీరుస్తున్నావు" అన్నారు. అప్పు ఉందంటే ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నట్టు అన్న మనిషి కాబట్టి, ఆవిడ నన్ను మూడోసారి మెచ్చుకోవడం అదేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది.

స్వరూప ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది కూడా అదే. ఒకసారి కోపం వచ్చింది ఆమెకు. "తిన్నది నేనాయె, తీర్చేది మీరాయె. గిదేం లెక్క ఆంటీ? నా పాలు నాకియ్యుండ్రి." అప్పటి నుంచి వీలున్నప్పుడు రెండో శనివారం బస్సెక్కి వస్తుంది. ఆ సాయంత్రం వంట తనది. నేను కుర్చీలో కూర్చుని కొలతలు చెబుతాను. ఉద్యోగమంతా రుచి చూడడమే అయిన మనిషికి నోరు కట్టుకుని వండడం ఎంత అవస్థో చూసి తీరాలి. గరిటె ఎత్తుతుంది, ఆపుతుంది, నా వైపు చూస్తుంది. "నాలుక గుంజుతుంది ఆంటీ" అంటుంది.

మొన్న వచ్చినప్పుడు బెండకాయ పులుసు పెట్టింది. అన్నం వార్చింది, దొండకాయ వేపుడు చేసింది. అన్నీ కుదిరాయి. పళ్లెం సర్దుతూ పులుసు వేసేటప్పుడు బొటనవేలికి అంటింది. ఏదో మాట చెబుతూ, అలవాటుగా, వేలు నోట్లో పెట్టుకుంది.

"ఆంటీ," అంది నెమ్మదిగా, వేలు ఇంకా నోటి దగ్గరే ఉంది. "చూసిండంటరా?"

"చూశాడు."

"ఇప్పుడెట్ల?"

"పెట్టు. పెట్టి చెప్పు."

ఆమె పళ్లెం గూటి ముందు పెట్టింది. చేతులు జోడించి ఏం చెప్పుకుందో వినలేదు. కర్పూరం వెలిగించాం. దాని వాసన నాకు ఇంకా పూర్తిగా రాదు, ఆమె ముఖం చూసి వచ్చిందనుకుంటాను. తరవాత ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

"పులుసు ఎట్లుంది?"

"బెల్లం తక్కువ."

"మీకు ఎప్పటికీ గదే!" అని ఇంకో గరిటె వేసింది.

ఆ పూటది చెల్లలేదు. పైగా రుచి చూసి పెట్టిన పళ్లెం కాబట్టి ఇంకొకటి బాకీ పడింది. పొద్దున నూట పద్ధెనిమిది ఉండేది. ఇప్పుడు నూట పంతొమ్మిది.